యేసయ్య ఎప్పుడు మొదలయ్యాడు? ఈ పాఠం యూత్ మీటింగ్‌లో, ఇంట్లో ఎలా చెప్పాలి

డిసెంబర్ వచ్చిందంటే మన చర్చిల్లో సెమీ క్రిస్మస్‌లు మొదలైపోతాయి, ఇంటింటికీ స్టార్ కడతారు, సండే స్కూల్ పిల్లలతో నాటిక వేయిస్తారు, మరియ, యోసేపు, గొర్రెల కాపరులు, తూర్పు దేశపు జ్ఞానులు అందరూ వచ్చి చివర్లో తొట్టి దగ్గర మోకరిస్తారు. చాలా బాగుంటుంది, నాకూ ఇష్టమే. కానీ ఏటా అదే చూసి పెరిగిన పిల్లల మనసులో యేసయ్య ఉనికి బేత్లెహేములోనే మొదలైందని ఉండిపోతుంది, తర్వాత కాలేజీలో ఫ్రెండ్ ఎవరైనా "మీ యేసు మంచి ప్రవక్తే, కానీ దేవుడని మీ బైబిల్లో ఎక్కడుంది చూపించు" అంటే నోట మాట రాదు. పిల్లల తప్పేం లేదు, మనం కూర్చోబెట్టి చెప్పలేదు అంతే.

అందుకే ఇది రాస్తున్నా. యూత్ మీటింగ్ నడిపేవాళ్లకి, సండే స్కూల్ టీచర్లకి, రాత్రి భోజనాలయ్యాక కుటుంబ ప్రార్థన చేయించే అమ్మానాన్నలకి పనికొస్తుంది. బైబిల్ కాలేజీలో చదివి ఉండక్కర్లేదు. బైబిలు, ఒక గంట టైమ్, ముందు రోజు కూర్చుని ఆ భాగాలు రెండుసార్లు చదువుకునే ఓపిక, ఇవి చాలు.

ముందు ప్రశ్న ఎలా పెట్టాలో చూద్దాం, ఎందుకంటే సగం పని అక్కడే అయిపోతుంది. "యేసు దేవుడా కాదా" అని మొదలుపెట్టకండి, మన పిల్లలందరూ "దేవుడే బ్రదర్" అని పాట పాడినట్టు చెప్పేస్తారు, అక్కడితో ఆలోచించడం ఆగిపోతుంది. దానికి బదులు బోర్డు మీద "యేసు ఎప్పుడు మొదలయ్యాడు?" అని రాయండి, ఇంకేం చెప్పకుండా ఒక్కొక్కరినీ అడగండి. మూడు రకాల జవాబులు వస్తాయి. కొందరు మరియ గర్భంలో అంటారు, కొందరు లోకం పుట్టకముందే దేవుడు ఆయన్ని మొదట చేశాడు అంటారు, ఒకరో ఇద్దరో ఆయనకి మొదలే లేదు అంటారు. మూడూ బోర్డు మీద రాయండి, ఎవరినీ తప్పు అనొద్దు అప్పుడే. రెండో జవాబు దగ్గర మాత్రం కొంచెం ఎక్కువసేపు ఆగండి, వినడానికి భక్తిగానే ఉంటుంది అది, యేసుని చాలా పైన పెట్టినట్టే ఉంటుంది. కానీ మొదలు ఉన్నది ఏదైనా సృష్టే కదా. దేవదూత ఎంత గొప్పవాడైనా సృష్టే, సూర్యుడు ఎంత పెద్దవాడైనా సృష్టే. యేసుకి కూడా ఒక మొదలు ఉంటే ఆయన కూడా అటువైపే ఉంటాడు, అప్పుడు మనం ఆదివారం చేసే ఆరాధన మొత్తం సృష్టికి చేసే పూజ అయిపోతుంది. కాబట్టి ఆయన దేవత్వం, ఆయన నిత్యత్వం రెండు వేర్వేరు పాఠాలు కావు, ఒకటి తీసేస్తే రెండోది నిలబడదు. ఈ ఒక్కటి వాళ్లకి ఎక్కిందంటే మిగతా గంట దానంతట అదే నడుస్తుంది.

ఇక వాక్య భాగాలు. వాట్సాప్‌లో తిరుగుతుంటాయి కదా "యేసు దేవుడని రుజువు చేసే వంద వచనాలు" లాంటివి, దయచేసి అవి పట్టుకెళ్లకండి. ఒక్కో వచనం చదివి "చూశారా" అంటూ పోతే పిల్లలు వింటారు గానీ ఏదీ గుర్తుండదు, పైగా అడిగేవాడు పక్క వచనం చదివి నిలదీస్తే ఇరుక్కుంటారు. నాలుగు భాగాలే తీసుకోండి, కానీ ప్రతిదీ ముందూ వెనకా కలిపి చదివించండి: మార్కు 2:1-12, యోహాను 8 చివరి భాగం, యోహాను 20:24-29, ఆ తర్వాతే యోహాను 1:1-18. మన పాత అనువాదం గ్రాంథికంలో ఉంటుంది, ఈ తరం పిల్లలకి "యుండెను", "సృజింపబడెను" దగ్గర నాలుక తిరగదు, కాబట్టి వాడుక భాష అనువాదం కూడా ఒకటి పెట్టుకోండి, ముందు పాతది చదివించి వెంటనే కొత్తది చదివించండి. చదవడం రాని పెద్దమ్మలు, తాతయ్యలు ఉంటే నెమ్మదిగా రెండుసార్లు చదివించాలి, వాళ్లు విని గుర్తుపెట్టుకున్నంత బాగా ఫోన్ చేతిలో ఉన్నవాళ్లు గుర్తుపెట్టుకోరు.

చాలామంది యోహాను 1:1 తోనే మొదలుపెడతారు. నేనైతే వద్దంటాను. పేతురు, యోహాను, తోమా వీళ్లెవరూ "ఆదియందు వాక్యముండెను" (వాక్యమంటే ఇక్కడ యేసే) అని తెలిసి యేసు వెనక నడవలేదు. ముందు ఒక మనిషిని చూశారు, నజరేతు నుంచి వచ్చిన వడ్రంగిని, ఆకలేసేవాడిని, అలిసి పడవలో నిద్రపోయేవాడిని. ఆయన మాట్లాడింది, చేసింది చూసి ఒక్కోసారి భయపడ్డారు, ఒక్కోసారి అర్థంకాక ఊరుకున్నారు, పునరుత్థానం తర్వాత మోకరించారు, అదంతా అయ్యాకే ఆ మాట రాయగలిగారు. మనవాళ్లని కూడా అదే దారిలో తీసుకెళ్తే బాగుంటుంది.

మార్కు 2. కపెర్నహూములో ఇల్లు, వాకిలి దగ్గర కూడా చోటు లేనంత జనం, పక్షవాతం వచ్చినవాడిని నలుగురు మోసుకొచ్చారు, లోపలికి దారి లేక ఇంటి కప్పు విప్పి పరుపుతో సహా దించేశారు. ఇది పిల్లలందరికీ తెలిసిన కథే, బొమ్మ కూడా వేసుంటారు. ఇక్కడ ఆపి ఒకటే అడగండి: వాడు దేనికోసం వచ్చాడు, యేసు ముందు ఏం ఇచ్చాడు? కాళ్ల కోసం వస్తే పాపాలు క్షమించాను అన్నాడు. ఇప్పుడు అక్కడ కూర్చున్న శాస్త్రుల, అంటే ధర్మశాస్త్రం బోధించేవాళ్ల, మనసులో ఏముందో చదివించండి, "దేవుడొక్కడే తప్ప పాపములు క్షమింపగలవాడెవడు" అనుకున్నారు వాళ్లు. ఆ మాట కరెక్టేనా కాదా అని అడగండి. కరెక్టే! శాస్త్రులు చెప్పిన సిద్ధాంతంలో తప్పేమీ లేదు. నేను మీ పక్కింటాయనకి బాకీ ఎగ్గొట్టాననుకోండి, మీరొచ్చి "పర్లేదు, నీ బాకీ నేను మాఫీ చేశా" అంటే కుదురుతుందా, బాకీ ఇచ్చినవాడే మాఫీ చేయాలి. ఈ పక్షవాతం వచ్చినవాడు యేసుకి వ్యక్తిగతంగా ఏ అపకారమూ చేసినట్టు అక్కడ లేదు, అయినా ఆయన క్షమించాడు అంటే వాడు జీవితమంతా చేసిన ప్రతి పాపమూ తనకి విరోధంగా చేసిందే అన్నట్టు మాట్లాడాడు. పైగా శాస్త్రులు లోపల అనుకుంటుంటే "అయ్యో నన్ను తప్పుగా అర్థం చేసుకున్నారు, క్షమించేది దేవుడే, నేను కబురు చెప్పానంతే" అనలేదు. మనుష్యకుమారునికి భూమి మీద పాపాలు క్షమించే అధికారం ఉందని మీకు తెలియాలి అని చెప్పి వాడిని లేపి పరుపు ఎత్తుకుని నడిపించాడు. "ఆయన తాను దేవుడని ఎక్కడ చెప్పుకున్నాడు" అనేవాళ్లకి నేను ముందు చూపించేది ఇదే, ఆయన నోటితో చెప్పడం కన్నా దేవుడు మాత్రమే చేయగల పని అందరి ముందు చేశాడు.

ఇప్పుడు యోహాను 8. దీనికి ఎక్కువ టైమ్ ఇవ్వండి, నా లెక్కలో నిత్యత్వం గురించి ఆయన నోటినుంచి వచ్చిన మాటల్లో ఇంత సూటిగా ఉన్నది ఇంకోటి లేదు. యెరూషలేము దేవాలయం, చుట్టూ యూదులు, వాదన పెరిగిపోయి మా తండ్రి అబ్రాహాము అనేదాకా వచ్చింది. మీ తండ్రి అబ్రాహాము నా దినము చూస్తానని సంతోషించాడు అంటాడు యేసు. వాళ్లు నవ్వినట్టుగా "నీకింకను ఏబది సంవత్సరములైన లేవే, నీవు అబ్రాహామును చూచితివా" అని అడుగుతారు. అబ్రాహాము అప్పటికి దాదాపు రెండు వేల ఏళ్ల ముందువాడు మరి. దానికి జవాబు, "అబ్రాహాము పుట్టకమునుపే నేను ఉన్నాను". ఇక్కడ ఆ వాక్యాన్ని ఒక అబ్బాయితో గట్టిగా రెండోసారి చదివించండి. అబ్రాహాము పుట్టాడు, ఆయనకి ఒక మొదలు ఉంది. యేసు మాత్రం పుట్టాను అనలేదు, అప్పుడు ఉండేవాణ్ని అని కూడా అనలేదు, ఉన్నాను అన్నాడు. వెంటనే నిర్గమకాండము 3:14 తీయించండి, మండే పొద దగ్గర మోషే పేరు అడిగితే దేవుడు ఇచ్చిన జవాబు, "నేను ఉన్నవాడను అను వాడనైయున్నాను". రెండూ పక్కపక్కన చదివాక మీరు వివరించాల్సింది పెద్దగా ఉండదు.

కానీ 59వ వచనం వదిలేయకండి, చాలామంది 58 దగ్గర ఆపేస్తారు. వాళ్లు రాళ్లెత్తారు. ఎందుకు? పిచ్చివాడు అనుకుంటే నవ్వి వెళ్లిపోయేవాళ్లు. ధర్మశాస్త్రంలో, లేవీయకాండము 24లో, దేవదూషణకి శిక్ష రాళ్లతో కొట్టడం. అంటే ఆయన ఏం చెప్పాడో విన్నవాళ్లకి పూర్తిగా అర్థమైంది, నమ్మలేదు అంతే. యోహాను 10లో కూడా "నేనును తండ్రియును ఏకమై యున్నాము" అన్నాక మళ్లీ రాళ్లెత్తి, నువ్వు మనిషివై ఉండి నిన్ను నువ్వు దేవుడిగా చేసుకుంటున్నావు అని కారణం కూడా వాళ్లే చెప్పారు. రెండు వేల ఏళ్ల తర్వాత మనం కూర్చుని ఆ మాటకి ఇంకో అర్థం ఉందేమో అని వెతకడం కన్నా అక్కడే నిలబడి విన్న శత్రువుల సాక్ష్యం బలమైంది.

తోమా దగ్గరికి రండి. త్వరగానే అయిపోతుంది ఇది. తిరిగి లేచిన యేసు గాయాలు చూసి తోమా "నా ప్రభువా, నా దేవా" అన్నాడు, యేసు ఆ మాట తీసుకున్నాడు, సరిదిద్దలేదు. అది ఎంత పెద్ద విషయమో తెలియాలంటే పక్కన మూడు చోట్లు చదివించాలి. అపొస్తలుల కార్యములు 10లో కొర్నేలీ పేతురు కాళ్ల మీద పడితే పేతురు లేవనెత్తి నేను కూడా మనిషినే అన్నాడు. 14లో లుస్త్రలో జనం పౌలు, బర్నబాలకి బలి ఇవ్వబోతే ఇద్దరూ బట్టలు చింపుకుని పరుగెత్తుకొచ్చి ఆపారు. ప్రకటన 22లో యోహాను దేవదూత ముందు సాగిలపడితే దూత వద్దు, దేవునికే నమస్కారం చెయ్యి అన్నాడు. మంచి మనుషులు వద్దన్నారు, పరిశుద్ధ దూత వద్దన్నాడు. యేసు ఒక్కడే వద్దనలేదు. మంచి ప్రవక్త మాత్రమే అయితే ఆ రోజు తోమాని గట్టిగా గద్దించి ఉండాలి. మంచివాడు కానీ దేవుడు కాదు అనే మధ్యదారికి ఇక్కడ చోటు ఎక్కడుందో అడగండి పిల్లల్ని, వాళ్లనే చెప్పనివ్వండి.

ఇంతదూరం వచ్చాక యోహాను 1 తెరిస్తే ఆ రుచే వేరు. ఒకరు ఆదికాండము 1:1, ఇంకొకరు యోహాను 1:1, ఒకరి తర్వాత ఒకరు చదవాలి. రెండూ ఆది తోనే మొదలవుతాయి. ఆదికాండములో ఆదియందు దేవుడు సృజించాడు, అంటే ఆదిలో ఏదో మొదలైంది. యోహానులో ఆదియందు వాక్యము ఉండెను, అంటే అన్నీ మొదలయ్యేసరికే ఆయన ఉన్నాడు. ఇంకో ప్రశ్న కూడా అడగండి: "కలిగియున్నదేదియు ఆయన లేకుండ కలుగలేదు" అని మూడో వచనం. కలిగినవి అన్నీ ఒకవైపు రాయండి బోర్డు మీద, వాటిలో యేసుని వేయగలమా? వేస్తే ఆయన తనని తానే కలగజేసుకోవాలి, అది కుదరదు. బోర్డు మీద ఉన్న రెండో జవాబు ఇక్కడ కొట్టేయొచ్చు, మీరు కాదు, వాళ్లలోనే ఒకరు లేచి కొట్టేస్తే ఇంకా మంచిది. మొదటి జవాబుకి పద్నాలుగో వచనం చాలు, ఆ వాక్యమే శరీరధారి అయ్యాడు. బేత్లెహేములో మొదలైంది ఆయన మానవ జీవితం, ఆయన కాదు. క్రిస్మస్ నాటిక వేయించేవాళ్లకి చిన్న సలహా, గబ్రియేలు రావడానికి ముందే ఒక పాపతో స్టేజీ మీద యోహాను 1:1-3 కంఠస్థంగా చెప్పించండి, అర నిమిషం కూడా పట్టదు, నాటిక మొత్తానికి అర్థం మారిపోతుంది.

ఇదంతా తర్వాతి కాలంలో కల్పించుకున్నది, చక్రవర్తి కాన్‌స్టంటైన్ నైసియా మహాసభలో ఓట్లేసి యేసుని దేవుడిని చేశారు అనే మాట యూట్యూబ్ చూసే ప్రతి పిల్లాడి చెవిన పడి ఉంటుంది. కాబట్టి ఒక పది నిమిషాలు చరిత్ర చెప్పక తప్పదు, పొడిగా కాకుండా జరిగింది జరిగినట్టు చెబితే చాలా శ్రద్ధగా వింటారు.

నైసియా అంటే ఇప్పటి టర్కీలో ఇజ్నిక్ అనే ఊరు, 325లో అక్కడ సుమారు మూడొందల మంది బిషప్పులు కలిశారు. గొడవ అలెగ్జాండ్రియాలో మొదలైంది, అక్కడి ఏరియస్ అనే సంఘ పెద్ద, కుమారుడు లేని సమయం ఒకటి ఉంది, తండ్రి ఆయన్ని చేశాడు అని బోధించాడు. అంటే మన బోర్డు మీద రెండో జవాబే. గమనించండి, ఏరియస్ కూడా యేసు మామూలు మనిషి అనలేదు, లోకం కంటే ముందే ఉన్నాడు అన్నాడు. సభ దానికి ఒప్పుకోలేదు, కుమారుడు తండ్రితో ఒకే తత్వం గలవాడు, చేయబడినవాడు కాడు అని రాసింది. చివరికి ఏరియస్‌తో పాటు ఒప్పుకోకుండా నిలబడింది ఇద్దరు బిషప్పులే. కొత్తగా దేవుడిని చేసే సభ అయితే లెక్క అలా ఉండదు. పైగా చక్రవర్తుల అండతో నిలబడిన సిద్ధాంతం అనేవాళ్లు నైసియా ఒప్పుకోలు వైపు నిలబడిన అథనాసియస్ జీవితం చూడాలి, నైసియాకి డీకన్‌గా వెళ్లాడు, 328లో అలెగ్జాండ్రియా బిషప్ అయ్యాడు, తర్వాత వచ్చిన చక్రవర్తుల్లో ఏరియస్ వైపు మొగ్గినవాళ్లు ఉన్నారు, అథనాసియస్‌ని ఐదుసార్లు వెళ్లగొట్టారు, మొత్తం పదిహేడేళ్ల దాకా ఊరికి దూరంగా బతికాడు, మాట మాత్రం మార్చలేదు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ ఒప్పుకోలుని ఇంకా విపులంగా నిలబెట్టింది. మన సి.ఎస్.ఐ., కేథలిక్ ఆరాధన క్రమాల్లో చెప్పే నైసియా విశ్వాస ప్రమాణం అదే. చిన్నప్పటినుంచి అందరితో కలిసి గబగబా చెప్పేసే ఆ మాటల వెనక ఇంత పోరాటం ఉంది, పిల్లలకి ఆ సంగతి తెలియాలి.

నైసియాకి ముందు సంగతి ఏంటి అంటే రెండు చెప్పండి చాలు. 112 ప్రాంతంలో ప్లినీ అనే రోమా గవర్నరు ట్రాజన్ చక్రవర్తికి ఉత్తరం రాశాడు, క్రైస్తవుల్ని విచారిస్తే తెలిసిందేంటంటే వీళ్లు ఒక నియమించిన రోజున తెల్లారకముందే కూడి క్రీస్తుకి ఒక దేవుడికి పాడినట్టు పాట పాడుతున్నారు అని. రాసింది క్రైస్తవుడు కాదు, వాళ్లని శిక్షిస్తున్న అధికారి. ఇంకో సంగతి, ఆయన పాలించిన బితూనియ ప్రాంతంలోదే నైసియా ఊరు కూడా, అంటే సభ జరగడానికి రెండొందల ఏళ్ల ముందే ఆ చుట్టుపక్కల మనలాంటి సామాన్య విశ్వాసులు తెల్లవారుజామున లేచి యేసుని దేవుడిగా పాడుతున్నారు. రెండోది ఇశ్రాయేలులో మెగిద్దో. 2005లో అక్కడి జైలు ఆవరణలో తవ్వుతుంటే మూడో శతాబ్దపు ప్రార్థనా స్థలం నేల బయటపడింది, రంగురాళ్లు పేర్చి గ్రీకులో రాసిన మాట ఉంది, అకెప్తూస్ అనే దైవభక్తి గల స్త్రీ దేవుడైన యేసుక్రీస్తుకి జ్ఞాపకార్థంగా ఈ బల్ల సమర్పించింది అని. అదీ నైసియాకి ముందుదే. మన చర్చిల్లో ఇప్పటికీ ఫ్యాన్ మీద, బెంచీ మీద ఫలానా వారి జ్ఞాపకార్థం అని రాయిస్తారు కదా, ఆవిడ కూడా అలాగే ఇచ్చింది, ఎవరికి ఇస్తున్నానో స్పష్టంగా రాయించి మరీ.

వీటికన్నా ముందుది మన చేతిలోనే ఉంది. 1 కొరింథీ 8:6. ఆ పత్రిక సిలువ తర్వాత పాతికేళ్ల లోపో అటూఇటూగానో రాసింది. ప్రతి యూదుడూ రోజూ చెప్పుకునే మాట ద్వితీయోపదేశకాండము 6:4, మన దేవుడైన యెహోవా అద్వితీయుడు అని. పౌలు యూదుడు, పరిసయ్యుడు, ఆ మాట ప్రాణంతో సమానం ఆయనకి. అలాంటివాడు ఒక్కడే దేవుడు, ఆయన తండ్రి, ఒక్కడే ప్రభువు, ఆయన యేసుక్రీస్తు, ఆయన ద్వారానే సమస్తమూ కలిగింది అని రాశాడు. ఇద్దరు దేవుళ్లని చేయలేదు, ఆ ఒక్క దేవుడి ఒప్పుకోలు లోపలే యేసుని పెట్టాడు. ఇది పెద్ద పిల్లలకి చెప్పండి, చిన్నవాళ్లకి బరువవుతుంది.

ఇప్పుడు వాళ్లు అడిగే ప్రశ్నలు. అడగనివ్వండి, అడిగినవాడిని విశ్వాసం లేనివాడిలా చూడకండి, అక్కడే చాలామంది యువకులు సంఘానికి దూరమవుతున్నారు.

తప్పకుండా వచ్చే మొదటిది, కొడుకు అంటే తండ్రి తర్వాతే కదా పుట్టేది అని. ఏరియస్ అడిగింది కూడా అచ్చంగా ఇదే. మన ఇళ్లల్లో తండ్రి ముందు ఒట్టి మనిషి, పిల్లలు పుట్టాక తండ్రి అవుతాడు. దేవుడు మారనివాడు కదా, ఆయన ఎప్పటినుంచి తండ్రి? ఒకప్పుడు తండ్రి కాకుండా ఉండి తర్వాత అయ్యాడంటే ఆయన మారినట్టు. నిత్యం తండ్రే అయితే కుమారుడు కూడా నిత్యం ఉండాల్సిందే. హెబ్రీ 1:3 కుమారుణ్ని దేవుని మహిమ యొక్క తేజస్సు అంటుంది, తేజస్సు లేకుండా మహిమ ఒక్క క్షణమైనా ఉండదు, ముందు మహిమ ఉండి తర్వాత ఎప్పుడో వెలగడం మొదలుపెట్టడం ఉండదు. కొలొస్సీ 1:15లో "ఆదిసంభూతుడు" అని ఉంది కదా, మొదట పుట్టినవాడు అనేగా అని కూడా అడుగుతారు, ముఖ్యంగా యేసుని దేవుడు మొదట చేశాడని నమ్మే యెహోవాసాక్షులు ఇంటికొచ్చి మాట్లాడి వెళ్లిన ఇళ్లల్లో. కీర్తన 89:27 తీయండి, దేవుడు దావీదుని జ్యేష్ఠకుమారుడిగా చేస్తాను అంటాడు, దావీదు యెష్షయి కొడుకుల్లో అందరికన్నా చిన్నవాడు. అది స్థానం, హక్కు, వారసత్వం. పైగా కొలొస్సీలో తర్వాతి వచనమే సర్వమూ ఆయన ద్వారా సృజింపబడింది అంటుంది, పదిహేడోది "ఆయన అన్నిటికంటె ముందుగా ఉన్నవాడు" అంటుంది. వాళ్లతో మాట్లాడేటప్పుడు మర్యాదగా, కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి మాట్లాడండి, గెలవడం కోసం కాదు.

"తండ్రి నాకంటె గొప్పవాడు" అన్నాడు కదా, ఆ దినము కుమారునికి కూడా తెలియదు అన్నాడు కదా, దేవుడైతే ప్రార్థన ఎవరికి చేశాడు, ఆకలెందుకేసింది, ఏడ్చాడెందుకు? ఇవన్నీ విడివిడిగా కనబడతాయి గానీ ఒకే చోట తేలతాయి, ఫిలిప్పీ 2:6-8. దేవుని స్వరూపం కలిగినవాడే దాసుని స్వరూపం ధరించుకుని మనుషుల పోలికగా పుట్టి తనని తగ్గించుకున్నాడు. నిజంగా మనిషి అయ్యాడు, నటించలేదు, కాబట్టి నిజంగా ఆకలేసింది, నిజంగా తండ్రికి లోబడ్డాడు. 451లో కల్సెదోను సభ చెప్పింది ఇదే, ఒక్కడే క్రీస్తు, సంపూర్ణంగా దేవుడు, సంపూర్ణంగా మనిషి, రెండూ కలగలిసిపోలేదు, విడిపోనూ లేదు. అందుకే ఆయన దేవత్వం గురించి చెప్పే ఉత్సాహంలో ఆయన మనిషితనాన్ని తక్కువ చేయకండి, లాజరు సమాధి దగ్గర ఏడ్చినవాడు, పునరుత్థానమును జీవమును నేనే అన్నవాడు ఒక్కడే, ఒకే అధ్యాయంలో.

మన తెలుగు నేలలో తప్పకుండా వచ్చే ఇంకో ప్రశ్న, అయితే యేసు కూడా ఒక అవతారమేనా అని. అడిగేది హిందూ స్నేహితులైతే చాలా గౌరవంతో అడుగుతారు, ఆ గౌరవం మనమూ ఉంచాలి, వాళ్ల నమ్మకాన్ని కించపరిచే ఒక్క మాట కూడా వద్దు. తేడా నెమ్మదిగా చెప్పండి: ధర్మానికి హాని కలిగినప్పుడల్లా యుగయుగానా మళ్లీ వస్తానని గీత చెబుతుంది, క్రైస్తవ విశ్వాసంలో కుమారుడు ఒక్కసారే, అగస్టు కైసరు కాలంలో, ఒక స్త్రీకి పుట్టి మనిషి అయ్యాడు, ఆ మనిషితనాన్ని మళ్లీ విడిచిపెట్టలేదు. సమాధిలోంచి లేచింది ఆ గాయాలున్న శరీరమే, తండ్రి కుడిపార్శ్వాన ఉన్నదీ ఆయనే, తిరిగి వచ్చేదీ ఆయనే.

త్రిత్వం గురించి చెప్పేటప్పుడు నీళ్లు, మంచు, ఆవిరి పోలిక వాడకండి, చాలా సండే స్కూళ్లలో అదే చెబుతారు. అదే నీళ్లు ఒకసారి మంచు, ఇంకోసారి ఆవిరి, అంటే ఒకే వ్యక్తి వేషం మార్చుకుంటున్నాడని అర్థం వస్తుంది. ఒకే మనిషి తండ్రి, కొడుకు, భర్త అనే పోలిక కూడా అంతే. యొర్దానులో కుమారుడు నీళ్లలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగింది, తండ్రి ఆకాశం నుంచి మాట్లాడాడు, ముగ్గురూ ఒకేసారి ఉన్నారు. పోలిక కన్నా మత్తయి 3:16-17 చదివించడం మేలు. పూర్తిగా బుర్రకి అందలేదని ఎవరైనా అంటే అందకపోయినా పర్లేదనండి, దేవుడు మొత్తం మన బుర్రలో పట్టేస్తాడని బైబిలు ఎక్కడా చెప్పలేదు.

ఇదంతా తెలిస్తే ఏంటి ఉపయోగం అని అడిగే పిల్లాడు ఒకడుంటాడు, మంచి ప్రశ్న, దాటేయొద్దు. యేసు సృష్టి మాత్రమే అయితే సిలువ మీద దేవుడు వేరే ఎవరినో పంపి బాధపెట్టి తాను దూరంగా ఉన్నాడన్నమాట. ఆయన దేవుడే అయితే మన అప్పు బాకీ ఇచ్చినవాడే తన మీద వేసుకున్నాడు. ఆ తేడా ముందు నాకైతే ఎప్పుడు ఆలోచించినా మాట రాదు. పెద్దవాళ్లకి ఇదే విషయం హెబ్రీ 1:10-12తో చెప్పండి, ఆకాశం, భూమి వస్త్రంలా పాతగిలిపోతాయి, "నీవు ఏకరీతిగానే యున్నావు, నీ సంవత్సరములు తరుగవు". కీర్తన 102లో యెహోవాకి చెప్పిన ఆ మాటల్ని హెబ్రీ పత్రిక కుమారుడికి చెబుతుంది. భర్త పోయి, పిల్లలు హైదరాబాద్‌లోనో అమెరికాలోనో స్థిరపడి ఒక్కతే ఉంటున్న అవ్వకి ఈ మాట సిద్ధాంతం కాదు, రాత్రిపూట పట్టుకునే ఆధారం. అలాంటివాళ్లు మీ సంఘంలో ఉంటే యూత్ మీటింగ్‌కే పిలవండి, ఈ వచనం వాళ్లతోనే చదివించండి.

టైమ్ చాలకపోతే తోమా దాకా ఒక వారం, యోహాను 1 నుంచి ఇంకో వారం పెట్టుకోండి, గంటలో కుక్కేయొద్దు. తెలియని ప్రశ్న వస్తే రాసిపెట్టుకుని అయ్యగారిని అడిగి వచ్చే వారం చెబుతానని చెప్పండి, చెప్పినట్టే చెప్పండి. ఇంటికి వెళ్లాక చదవడానికి హెబ్రీ 1వ అధ్యాయం ఇవ్వండి, పద్నాలుగు వచనాలే, చదివేటప్పుడు పెన్సిల్‌తో దేవదూతల గురించి చెప్పింది ఒక గీత, కుమారుడి గురించి చెప్పింది రెండు గీతలు గీయమనండి, వచ్చే వారం బైబిళ్లు తెరిపించి ఆ గీతల దగ్గర నుంచే మొదలుపెట్టండి.